విక్టోరియన్ అలంకరణతో గది ఇరుకైపోయిందా?

ముదురు ఆకుపచ్చ వాల్‌పేపర్ అంటించి, నగిషీ సోఫా తెచ్చి, బరువైన తెరలు కట్టాక గది కుంచించుకుపోయిందని చాలామంది బాధపడతారు. నేరం రంగు మీద మోపుతారు. నా దృష్టిలో రంగుది తప్పు కాదు, కొలతలది.

సమస్య: కప్పు మీద పడుతున్నట్టుంది.
కారణం: విక్టోరియా రాణి కాలంలో (1837–1901) లండన్ మధ్యతరగతి ఇళ్లలో ముందుగది కప్పు 10 అడుగుల దాకా ఉండేది. ఆ ఎత్తును మూడు భాగాలుగా పంచేవారు. కుర్చీల వీపులు ఒరుసుకునే చోట గట్టి చెక్కో మందపాటి కాగితమో ఉండేది; అది డాడో. మధ్యలో పువ్వుల వాల్‌పేపర్. కప్పును ఆనుకుని ఫ్రీజ్ అనే అలంకరణ పట్టీ. 8 అడుగుల గోడకు ఈ మూడూ తగిలిస్తే అది ముక్కలుగా కనిపిస్తుంది.
పరిష్కారం: ఫ్రీజ్ వదిలేయండి. డాడోను నేల నుంచి 3 అడుగుల లోపే ఆపి, కింద ముదురు, పైన లేత రంగు వేయండి. పెద్ద డిజైన్ల మీద మోజుంటే తెరలకు వాడండి. తన తోటలో పళ్లు దొంగిలించే పిట్టలను చూసి ఆ కాలపు ఆంగ్ల డిజైనర్ విలియం మోరిస్ 1883లో గీసిన ‘స్ట్రాబెర్రీ థీఫ్’ (స్ట్రాబెర్రీ దొంగ) డిజైన్ మొదట నూలు గుడ్డ మీదే అచ్చయింది. కుచ్చిళ్లలో ఆ పిట్టలు ఎంత అందంగా దాగి కనిపిస్తాయో!

సమస్య: పగలు బాగుంది, రాత్రి వెలవెలబోతోంది.
కారణం: కప్పు నుంచి పడే తెల్లని వెలుగు. ఆ కాలపు గదులు నూనె దీపాలకు, కొవ్వొత్తులకు, గ్యాస్ దీపాలకు అలవాటుపడ్డవి. మఖమలు మడతలు, బంగారు పూత ఫ్రేములు పక్క నుంచి పడే పసుపు వెలుగులోనే ప్రాణం పోసుకుంటాయి.
పరిష్కారం: పసుపు వెలుగిచ్చే 2700 కెల్విన్ (వెలుగు రంగు కొలత) బల్బులతో మూడు నాలుగు టేబుల్ దీపాలు, కూర్చున్నవారి కంటి ఎత్తులో. ఒక దీపం వెనుక అద్దం.

సమస్య: ఇల్లు ఫర్నిచర్ దుకాణంలా ఉంది.
కారణం: అంతా ఒకే రోజు, ఒకే సెట్టుగా కొన్నారు.
పరిష్కారం: గదికి ఒక్క పాత వస్తువు చాలు. మిగతావి ఏళ్ల మీద చేరనివ్వండి.

సమస్య: నిజంగానే ఆ కాలపు ఇల్లు, కొత్త వాల్‌పేపర్ ఉబ్బుతోంది.
కారణం: సున్నపు గోడలోని తేమను వాల్‌పేపర్ మీది వినైల్ (ప్లాస్టిక్) పొర బయటికి పోనివ్వదు.
పరిష్కారం: వినైల్ తీసేసి, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపించండి. ఆరాక గాలి ఆడే పెయింట్ వేయండి. పాత రంగులో సీసం ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా పొడిగా గీకవద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.