స్కేల్ మోడల్‌కు బ్రష్‌తో వార్నిష్: గీతలు పడకుండా వేయడం ఎలా?

విమానాలు, కార్ల చిన్న నమూనాలైన స్కేల్ మోడళ్ల మీద ఎయిర్‌బ్రష్ (గాలితో రంగును చిమ్మే పరికరం) లేనిదే వార్నిష్ నున్నగా రాదన్న మాటలో నిజం కొంచెమే. బ్రష్ గీతలు మిగలడానికి చాలాసార్లు ఒకటే కారణం: ఆరడం మొదలైన పూతను మళ్లీ కదపడం. అక్రిలిక్ వార్నిష్‌ను పలచగా వేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పాల మీద మీగడ కట్టినట్టు పైన సన్నని పొర కడుతుంది. ఆలోపు దాన్ని ముట్టుకోకపోతే ద్రవం తనంతట తానే సమంగా పరుచుకుంటుంది. పొర కట్టాక బ్రష్ తగిలిందా, పడిన గీత అలాగే గట్టిపడుతుంది. కింద చెప్పేవన్నీ ఆ పూతకు తగినంత సమయం ఇవ్వడం కోసమే.

ఏ వార్నిష్, ఏ రంగు మీద?

బ్రష్ పనికి అన్నిటికంటే అనువైనది నీటితో పలచబడే అక్రిలిక్ వార్నిష్. వల్లెహో లాంటి కంపెనీలు దీన్ని గ్లాసీ (మెరిసేది), శాటిన్ (కొద్దిగా మెరిసేది), మ్యాట్ (మెరుపు లేనిది) రకాల్లో ఇస్తాయి. కింది రంగు బాగా ఆరి ఉంటే, అది ఏ రకమైనా దీనివల్ల కరగదు.

తమియా కంపెనీ గ్లాసీ వార్నిష్ ఎక్స్-22 కూడా అక్రిలిక్కే, కానీ అందులో ఆల్కహాల్ ఉంటుంది. తమియా అక్రిలిక్ రంగు మీదే దాన్ని బ్రష్‌తో రుద్దితే కింది రంగు కరిగి బ్రష్‌కు అంటుకుంటుంది. రెండో కోటు మొదటి కోటునే లేపేస్తుంది కూడా. దీన్ని స్ప్రేకి వదిలేయడం మేలు. ఎనామెల్ (నూనె ఆధారిత) వార్నిష్ నిదానంగా ఆరుతుంది కాబట్టి చక్కగా పరుచుకుంటుంది. కాకపోతే దుమ్ము పట్టడానికీ అంతే సమయం దొరుకుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ తెలుపు మీద పసుపు ఛాయ కూడా రావచ్చు. ఎనామెల్ రంగు మీద ఘాటైన ద్రావకం ఉండే ల్యాకర్ వార్నిష్ మాత్రం వద్దు. రంగు ముడతలు పడుతుంది.

ముందు గ్లాసీ, ఆఖరున మ్యాట్

మోడల్ చివరికి మ్యాట్‌గా కనిపించాల్సినదైనా మొదటి పూత గ్లాసీయే. గరుకు ఉపరితలం మీద డికాల్ (గుర్తులు, అంకెలు ముద్రించిన పలచని స్టిక్కర్) అతికిస్తే దాని కింద గాలి చిక్కి వెండి రంగు మచ్చల్లా మెరుస్తుంది. వార్నిష్ ఎంత పూసినా ఆ మచ్చలు పోవు. కాబట్టి రంగు, గ్లాసీ, డికాల్స్, వాటిని కాపాడటానికి మళ్లీ గ్లాసీ, ప్యానెల్ గీతల్లో (పలకల అతుకులను చూపే సన్నని గాడుల్లో) వాష్ అనే పలచని ముదురు రంగు, చివరగా మ్యాట్ లేదా శాటిన్. ఇదే వరుస.

సిద్ధం చేసుకోవడం

అక్రిలిక్ రంగు ఆరడానికి కనీసం 24 గంటలు, ఎనామెల్‌కు మూడు నాలుగు రోజులు ఇవ్వండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే రంగు వాసన ఇంకా వస్తోందంటే ఆరనట్టే. దుమ్మును మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. వేలిముద్రల జిడ్డును నూగు రాలని తడిగుడ్డతో తుడవండి. జిడ్డు ఉన్నచోట వార్నిష్ పట్టకుండా గుండ్రంగా విడిపోతుంది. కాక్‌పిట్ అద్దాల్లాంటి పారదర్శక భాగాలకు మాస్కింగ్ టేప్ వేయండి, లేదా వాటిని ఆఖరున అతికించండి.

గది 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ఫ్యాన్ ఆపేయండి. అది దుమ్మును లేపుతుంది, పూతను తొందరగా ఆరబెడుతుంది. మనకు రెండూ అక్కర్లేదు.

బ్రష్ సింథటిక్ కుచ్చుతో, మెత్తగా, బల్లపరుపుగా ఉండాలి. విమానం రెక్కలకు 10-12 మిల్లీమీటర్ల వెడల్పు, చిన్న భాగాలకు 5-6 సరిపోతుంది. దాన్ని వార్నిష్‌కే కేటాయించండి. కుచ్చు మొదట్లో దాగిన పాత రంగు తెల్లటి రెక్క మీద బయటపడితే తీసేయడం కష్టం.

కలపడం

సీసాను గట్టిగా ఊపకండి, బుడగలు పుడతాయి. పుల్లతో ఒకటి రెండు నిమిషాలు నిదానంగా కలియబెట్టండి. మ్యాట్ విషయంలో ఇది మరీ ముఖ్యం. మెరుపును చంపే పొడి సీసా అడుగుకు దిగిపోతుంది. కలపకుండా పైది వాడితే మెరుపు తగ్గదు, అడుగున మిగిలింది వాడితే తెల్లగా బూజు పట్టినట్టు ఆరుతుంది.

అవసరమైనంత వార్నిష్ వేరే పళ్లెంలోకి తీసుకుని, నాలుగు పాళ్లకు ఒక పాలు డిస్టిల్డ్ వాటర్ గానీ అదే కంపెనీ థిన్నర్ గానీ కలపండి. వాతావరణం వేడిగా ఉంటే ఇరవై చుక్కలకు ఒక చుక్క అక్రిలిక్ రిటార్డర్ (ఆరడాన్ని నిదానం చేసే ద్రవం) చేర్చండి. అంతకు మించితే పూత రోజుల తరబడి జిగటగా ఉండిపోతుంది. నీళ్లు ఎక్కువైతే పూత నిలవక, గుంటల్లో చేరి అంచుల్లో చారికలు కడుతుంది. అదే రంగు పూసిన పారేసే ప్లాస్టిక్ చెంచా మీద ముందు వేసి చూసుకోండి.

పూయడం

1. బ్రష్‌ను నీటిలో ముంచి గుడ్డకు అద్దండి. పొడి కుచ్చులో గాలి ఉండి బుడగలు వస్తాయి.

2. కుచ్చులో మూడో వంతు మాత్రమే వార్నిష్‌లో ముంచి, పళ్లెం అంచుకు ఒకసారి తాకించండి.

3. పూసే వైపును బల్లకు సమాంతరంగా ఉంచండి. నిలువుగా పట్టుకుంటే కిందికి జారుతుంది. ఒకసారికి ఒకే భాగం తీసుకోండి. ఎడమ రెక్క పైభాగం ముగిశాకే వేరేది. ఆపాల్సి వస్తే ప్యానెల్ గీత దగ్గర ఆపండి, అక్కడ అతుకు కనబడదు.

4. బ్రష్‌ను వాలుగా పట్టి, నొక్కకుండా ఒకే దిశలో లాగండి. విమానానికి ముందు నుంచి వెనక్కి, కారుకు పొడవునా. పక్క వరుస ముందు వరుసను పావు వంతు కప్పాలి, అదీ ముందుది తడిగా ఉండగానే.

5. వదిలేయండి. దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పెట్టి చూస్తే తప్పిపోయిన చోట్లు కనిపిస్తాయి. చేయి ఊరుకోదు గానీ, వాటిని రెండో కోటుకు ఉంచండి. వెంటనే సరిచేయాల్సింది ఒక్కటే: రెక్క మొదట్లోనో గుంటలోనో నిలిచిన వార్నిష్. పిండిన బ్రష్ కొనను దానికి తాకిస్తే పీల్చుకుంటుంది.

దుమ్ము పడకుండా పెట్టె బోర్లించండి. తర్వాతి కోటుకు కనీసం నాలుగు గంటలు ఆగండి, రాత్రంతా ఆరనిస్తే ఇంకా నయం. మందంగా ఒకటి కంటే పలచగా రెండు మూడు కోట్లు మేలు.

చెడితే

గ్లాసీ పూతలో గీతలు, దుమ్ము రేణువులు మిగిలితే రెండు రోజులు ఆరాక 2000 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి తేలికగా రుద్ది, ఇంకో పలచని కోటు వేయండి. పదునైన అంచుల జోలికి వెళ్లకండి, రంగు ముందు అరిగేది అక్కడే.

మ్యాట్ తడిగా ఉన్నప్పుడు పాలలా కనిపిస్తే కంగారు వద్దు, ఆరితే పోతుంది. ఆరాక కూడా తెల్లగా ఉంటే పూత మందమైందన్న మాట. దాని మీద గ్లాసీ కోటు వేస్తే తెలుపు చాలావరకు మాయమవుతుంది. అది పూర్తిగా ఆరాక, బాగా కలిపిన మ్యాట్‌ను పలచగా మళ్లీ వేయండి. మ్యాట్‌ను ఎప్పుడూ రుద్దకండి. రుద్దిన చోట మెరుపు మచ్చ పడుతుంది.

లోహపు రంగుల మీద మ్యాట్ వేస్తే అవి బూడిద రంగులోకి దిగిపోతాయి. ఆ భాగాలను వదిలేయడమే మంచిది. మెత్తటి వినైల్ టైర్లకూ వార్నిష్ వద్దు, కొన్నిటి మీద అది ఎప్పటికీ జిగటగానే ఉంటుంది.

పని కాగానే బ్రష్‌ను సబ్బు నీళ్లతో కడిగి, కుచ్చును వేళ్లతో సరిచేసి, పడుకోబెట్టి ఆరబెట్టండి. వార్నిష్ వేసిన చోట మాస్కింగ్ టేప్ అంటించాల్సి ఉంటే 48 గంటలు ఆగండి.