వానలకు ముందు చెరువులో గుర్రపు డెక్క తీయించేవారికి జాగ్రత్తలు

మొన్నటి జడివానకు మారతహళ్లి వైపు ఒక చెరువులో, అంతకు ముందే పీకి కట్టవాలున పోసిన గుర్రపు డెక్క అనే నీటి కలుపు మొక్క మళ్లీ నీటిలోకి జారి, నిండిన నీరు పొర్లిపోయే అలుగుకు అడ్డంపడి, దిగువ వీధిలోకి నీళ్లు తెచ్చింది. ఇదే పనికి చందాలు పోగుచేస్తున్న బెంగళూరు అపార్ట్‌మెంట్ సంఘాలలోని మనవారి కోసం ఇది రాస్తున్నాను. చేతి తొడుగులు, బూట్ల సంగతి అందరికీ తెలిసిందే.

నేను చూసినంతలో పని చెడేది కలుపు తీయలేక కాదు, తీసిన కలుపును గట్టునే వదిలేయడం వల్ల. ఈ మొక్క బరువులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే కాబట్టి, లారీ బాడుగ దండగనీ, ఎండాక తరలిద్దామనీ కాంట్రాక్టరు అంటాడు, సంఘం సరేనంటుంది. ఈలోగా వాన పడితే పోగు చెరువులోకే జారుతుంది. తెగిన తీగముక్క మళ్లీ వేరు పట్టి, మురుగులోని నత్రజని, భాస్వరం అందితే రెండు వారాలలో రెట్టింపవుతుంది. వాన పడకపోతే కుళ్లి, అవే పోషకాలను నీటికి తిరిగిస్తుంది. పూర్తిగా ఎండితే నిప్పు భయం. 2018 జనవరిలో బెళ్ళందూరు చెరువులో ఎండుగడ్డి అంటుకున్నప్పుడు ఆర్పడానికి సైనికులు దిగవలసి వచ్చింది.

ముందుగా తూము, అలుగు ఎదుట శుభ్రం చేయించాలి. మిగిలినది ఆ తరువాత. చెరువులోకి వాన నీరు తెచ్చే పెద్ద కాలువ, రాజకాలువలో మురుగు ఆగనంత కాలం కలుపు తిరిగి వస్తుంది, పూడికలోని విత్తనాలు ఏళ్ల తరబడి మొలకెత్తుతాయి కనుక ఏటా ఖర్చు తప్పదు.

కలుపు తెప్ప మీద కాలు పెట్టనివ్వకండి, కింద లోతు తెలియదు. కలుపు మందు చల్లకండి. ఒక్కసారిగా చచ్చిన మొక్క కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది, చేపలు తేలిపోతాయి. గడ్డిచేపలు తినేస్తాయన్న మాట నమ్మకండి, వాటికి ఇష్టమైనవి నీట మునిగి పెరిగే మెత్తని మొక్కలు. ఈ మొక్కను తినే ముక్కుపురుగులు పనిచేస్తాయి గాని ఏళ్లు పడుతుంది, ఈ వానాకాలానికి అక్కరకు రావు. పశువులకు వేయకండి. దీనితో చేసిన ఎరువు ఆకుకూరలకు వద్దు, ఈ మొక్క సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకుంటుంది. ఊదాపూలు ముచ్చటగా ఉన్నాయని ఇంటి తొట్టిలోకి తేకండి. పోగుకు నిప్పు పెట్టకండి. గట్టున వదలకండి, ఒక్క రాత్రికైనా సరే. లారీ రాని రోజు పీకించకండి. గట్టు ఖాళీ అయినట్టు స్వయంగా చూడనిదే కాంట్రాక్టరుకు చివరి వాయిదా ఇవ్వకండి.