ఫారం తెలుగు పేరును వెనక్కి కొడుతోందా?

రొయ్యల రైతుల నమోదుకో, అంబాజీపేట కొబ్బరి ఆర్డర్లకో పీహెచ్‌పీలో ఫారం చేశారు. ఇంగ్లిష్‌లో పేరు రాస్తే తీసుకుంటుంది. తెలుగులో రాస్తే "సరైన పేరు ఇవ్వండి" అంటుంది.

కోడ్ ముట్టుకునే ముందు, ఫిల్టర్‌కి (పేరు సరైనదో కాదో తనిఖీ చేసే కోడ్‌కి) పైన, పోస్ట్‌లో (ఫారం పంపిన వివరాలు పీహెచ్‌పీకి అందే చోట) ఏమొచ్చిందో ఉన్నదున్నట్టు ప్రింట్ చేసి చూడండి. దయచేసి ఇది దాటేయకండి. పేరు అసలు రాకపోతే ఫిల్టర్‌ది తప్పు కాదు. ఇన్‌పుట్‌కి ఐడీ ఇచ్చి నేమ్ మరిచిపోయి ఉంటారు, లేదా ఫారం గెట్‌లో (వివరాలను పేజీ అడ్రస్‌లోనే పంపే పద్ధతిలో) పంపుతుంటే మీరు పోస్ట్‌లో వెతుకుతున్నారు.

పేరు చక్కగా వచ్చింది, అయినా ఒప్పుకోవట్లేదంటే ఫిల్టర్‌లోని రెజెక్స్ (ఏ అక్షరాలు ఒప్పుకోవాలో చెప్పే నమూనా) చూడండి. ఎ నుంచి జెడ్ వరకే అని రాసుంటే కారణం వెంటనే తెలిసిపోతుంది. చిక్కంతా జాగ్రత్తగా రాసినవాళ్లకే. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే పద్ధతిలో) అక్షరాలకు ఉన్న ఎల్ వర్గం పెడతారు, యూనికోడ్‌గా చదవమని చెప్పే యూ ఫ్లాగ్ కూడా పెడతారు, 'రమ' అని కొట్టి చూస్తారు. పాసవుతుంది. సైట్ లైవ్‌లోకి వెళ్లాక 'రాము' దగ్గర ఆగిపోతుంది. యూనికోడ్ లెక్కలో 'ర', 'మ' అక్షరాలే గానీ దీర్ఘం, కొమ్ము, సున్న, పొల్లు అక్షరాలు కావు. అవి ఎమ్ అనే వేరే వర్గం. 'భీమవరం'లో గుడిదీర్ఘం, సున్న రెండూ అందులోవే. గుణింతం లేని పేర్లు మనకెన్ని ఉంటాయి చెప్పండి!

ఎల్ పక్కన ఎమ్ చేర్చండి. ఇంటిపేరు పొడి అక్షరాల కోసం చుక్కను, ఖాళీని కూడా ఒప్పుకోండి. అప్పటికీ 'ప్రవీణ్‌కుమార్' ఆగొచ్చు. 'ణ' కింద 'క' వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని క్యారెక్టర్ ఒకటి ఉంటుంది, దాని యూనికోడ్ సంఖ్య 200సి. అది ఎల్ కాదు, ఎమ్ కాదు. దాన్నీ అనుమతించండి. తీసేస్తే పేరు 'ప్రవీణ్కుమార్' అయిపోతుంది. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ తనిఖీ ఉంటే అక్కడా ఇదే మార్పు చేయాలి.

టెన్షన్‌లో ఫిల్టర్ మొత్తం పీకేయకండి. అలాగని అదే డేటాబేస్‌ను కాపాడుతుందనీ అనుకోకండి. దానికి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ఎస్‌క్యూఎల్ ఆదేశాన్ని, యూజర్ ఇచ్చిన వివరాలను విడివిడిగా పంపే పద్ధతి), పేజీలో చూపేటప్పుడు హెచ్‌టీఎంఎల్ ఎస్కేపింగ్ (యూజర్ రాసింది కోడ్‌గా పనిచేయకుండా మామూలు అక్షరాలుగా చూపడం) ఉండి తీరాలి.

పేరు పొడవెక్కువ అంటుంటే పొడవు కొలిచే స్ట్రెలెన్ ఫంక్షన్ అక్షరాలు కాకుండా బైట్లు లెక్కపెడుతోందన్నమాట. 'భీమవరం' ఒక్కటే 18 బైట్లు. ఎంబీ స్ట్రెలెన్ వాడండి. బకాయి గడిలో 0 కొడితే ఒప్పుకోకపోతే, ఫిల్టర్ ఇచ్చిన 0ని, ఫాల్స్‌ని మీ కోడ్ ఒకటిగా చూస్తోంది. మూడు ఈక్వల్ గుర్తులతో పోల్చండి. పేజీ యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) లేకపోవడం ఈ రోజుల్లో అరుదు, చివర్లో చూసుకోవచ్చు.