ఎండాకాలంలో ఆపరేషన్ ఉందా? ముందు గోలీల సంచి విప్పండి

పిల్లలకు సెలవులు, పొలం పనులు తక్కువ. అందుకే పిత్తాశయంలో రాళ్లకో, హెర్నియాకో, గర్భసంచికో చాలామంది ఏప్రిల్, మే నెలల్లోనే ఆపరేషన్ పెట్టుకుంటారు. నల్లగొండ, పాలమూరు వైపు ఎండలు మండేదీ అప్పుడే. షుగర్ ఉన్నవాళ్లు తేదీ ఖాయం చేసుకునేటప్పుడే రోజూ వేసుకునే గోలీలన్నీ మత్తు డాక్టర్‌కు చూపించాలి. చీటీ కాదు, గోలీలే.

చీటీ మీద తరచూ బ్రాండ్ పేరే ఉంటుంది. స్ట్రిప్ వెనక సన్నటి అక్షరాల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి పేరుందేమో చూడండి. ఈ మందులు ఒంట్లోని చక్కెరను మూత్రంలో బయటికి పంపుతాయి. గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తాయని పెద్ద పరిశోధనల్లో తేలింది, ధరలూ దిగాయి, అందుకే వాడేవాళ్లు పెరిగారు. మంచి మందులే. కానీ పస్తు, నీళ్లు తగ్గడం, ఆపరేషన్ భారం ఒక్కసారే మీద పడితే ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోవచ్చు. షుగర్ 180 దగ్గరే కనిపిస్తున్నా రక్తం ఆమ్లంగా మారుతుండొచ్చు. ఆపరేషన్ తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మత్తు దిగలేదనో గ్యాస్ అనో సర్దిచెప్పుకోవద్దు. కీటోన్ పరీక్ష చేయమని అడగండి.

ఈ రెండు మందులనూ ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు ఆపాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో సూచించింది. ఎప్పుడు ఆపాలో, బదులుగా ఏం వాడాలో మీ డాక్టరే చెప్పాలి. స్టెంట్ పడినవాళ్లు రక్తం పలచబరిచే గోలీని సొంతంగా మానేయడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

కల్లు సంగతి చెప్పడానికి మనవాళ్లు మొహమాటపడతారు. రోజూ తాగే కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందు కలిసి ఉంటే, దవాఖానలో చేరగానే అది ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, పొంతన లేని మాటలు, ఫిట్స్ కూడా రావచ్చు. కల్తీ కల్లు బంద్ అయినప్పుడు పాలమూరులో ఇలాంటి కేసులు చాలానే వచ్చాయి. పెద్దాయన చెప్పకపోతే కొడుకో కోడలో చెప్పాలి, పరువు తర్వాత చూసుకోవచ్చు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినవాళ్లు ఏళ్ల తరబడి నొప్పి గోలీలు మింగుతుంటారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీ కూడా లెక్కలోకే వస్తుంది. అవి కిడ్నీని దెబ్బతీయొచ్చు కాబట్టి రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీసే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అయిందో లేదో అడగండి.

పస్తు విషయంలో మనకు అతి జాగ్రత్త. రాత్రి తొమ్మిది నుంచి గుక్క నీళ్లు కూడా ముట్టకుండా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండలో ఎదురుచూస్తారు. మామూలుగా అన్నం, టిఫిన్ 6 గంటల ముందు ఆపితే చాలు, మంచినీళ్లు 2 గంటల ముందు వరకూ తాగొచ్చు. పాలు పోసిన చాయ్‌ని మాత్రం టిఫిన్ కిందే లెక్కేయాలి. అరుగుదల నెమ్మదించిన షుగర్ పేషెంట్లకు ఈ గంటలు మారతాయి కాబట్టి మీ టైం మత్తు డాక్టర్‌నే అడగండి.

ఇంటికొచ్చాక అన్నం, నీళ్లు మామూలుగా తీసుకునేదాకా డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి ఆ గోలీ మళ్లీ మొదలుపెట్టొద్దు. డిశ్చార్జ్ కాగితం మీద తేదీ రాయించుకోండి.