బ్రెయిన్ ట్యూమర్ అని తెలిశాక ఒక్క డాక్టర్‌తో కాకుండా మొత్తం టీమ్‌తో వైద్యం ఎలా చేయించుకోవాలి

మెదడులో గడ్డ ఉందని స్కాన్‌లో తేలగానే ఇంట్లో వాళ్ళంతా ఆపరేషన్ ఎప్పుడు, ఎవరు చేస్తారు అని అడుగుతారు, అడగాల్సిందే, కానీ దానికంటే ముందు ఈ కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా అని అడగండి. ట్యూమర్ బోర్డు అంటే న్యూరోసర్జన్, స్కాన్లు చదివే రేడియాలజిస్ట్, గడ్డ ముక్కని మైక్రోస్కోప్ కింద చూసే పాథాలజిస్ట్, రేడియేషన్ డాక్టర్, కీమో చూసే ఆంకాలజిస్ట్ వీళ్ళందరూ కలిసి కూర్చుని ఒక్కో పేషెంట్ గురించి మాట్లాడుకుని ఏం చేద్దాం అని తేల్చే మీటింగ్. మామూలుగా పేషెంట్‌ని అందులోకి పిలవరు, కాబట్టి జరిగిందో లేదో మనకి తెలీదు, మనమే కనుక్కోవాలి. ఏం తేల్చారో కాగితం మీద రాసివ్వమనండి, అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఇదంతా ఆపరేషన్‌కి ముందే ఎందుకంటే ప్రతి గడ్డనీ కోసి తీసేయక్కర్లేదు కాబట్టి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో వచ్చే ప్రొలాక్టినోమా అనే గడ్డ చాలామందిలో మాత్రలకే తగ్గిపోతుంది, అందుకే అక్కడ గడ్డ ఉంటే ముందు హార్మోన్ల రక్తపరీక్షలు, కంటిచూపు ఫీల్డ్ టెస్టు చేయించాలి, హార్మోన్లు చూసే ఎండోక్రైనాలజిస్ట్ టీమ్‌లో ఉండాలి. మెదడులో లింఫోమా (ఒక రకం తెల్లరక్తకణాల కేన్సర్) అయితే బయాప్సీకి చిన్న ముక్క తీసి కీమో మొదలుపెడతారు, పైగా బయాప్సీకి ముందే వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇస్తే ఆ గడ్డ తాత్కాలికంగా కరిగిపోయి ముక్క తీసినా ఏమీ తేలకపోవచ్చు. అందుకని లింఫోమా అనుమానం ఉందా, స్టెరాయిడ్ కొన్నాళ్ళు ఆగొచ్చా అని బయాప్సీకి ముందు అడగండి (ఇప్పటికే వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు). ఒక్కోసారి అసలు కేన్సర్ ఊపిరితిత్తుల్లోనో రొమ్ములోనో ఉండి అక్కడినుంచి మెదడుకి పాకుతుంది, అప్పుడు ముందు మిగతా ఒళ్ళంతా చూడాలి. మెదడు చుట్టూ ఉండే పొరల్లో వచ్చే మెనింజియోమాలు ఎక్కువ శాతం కేన్సర్ కానివే, చిన్నగా ఉండి ఇబ్బంది పెట్టకపోతే అప్పుడప్పుడూ స్కాన్ తీస్తూ గమనిస్తే సరిపోవచ్చు.

మరి ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. తలనొప్పి భరించలేనంత పెరిగి వాంతులవుతున్నా, మనిషి మత్తుగా అయిపోతున్నా, స్పృహ తగ్గుతున్నా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, బోర్డు సంగతి తర్వాత.

ఇప్పుడు కాగితాల సంగతి, నా ఉద్దేశంలో ఇంట్లోవాళ్ళు చేయగలిగిన అతి పెద్ద సాయం ఇదే. ఎంఆర్ఐ ఫిల్ములు, రిపోర్టు ఉంటే చాలదు, అసలు ఇమేజీలు డైకామ్ ఫైళ్ళుగా సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకోండి, ఇంకో టీమ్ అభిప్రాయం అడిగినప్పుడు వాళ్ళకి కావాల్సింది అవే. ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్కని మైనం దిమ్మల్లో భద్రపరుస్తారు, వాటినే బ్లాక్స్ అంటారు, అవీ స్లైడ్సూ ఎక్కడున్నాయో తెలుసుకుని పెట్టుకోండి. గడ్డ ఎంత మిగిలిందో చూసే ఎంఆర్ఐ సాధారణంగా ఆపరేషన్ తర్వాత 48 నుంచి 72 గంటల్లోపే తీస్తారు, ఆలస్యమైతే ఆపరేషన్ వల్ల వచ్చిన మార్పులు కూడా గడ్డలాగే కనిపించి అయోమయం అవుతుంది, కాబట్టి డిశ్చార్జికి ముందే తీశారా అని కనుక్కోండి.

పాథాలజీ రిపోర్టులో ఒట్టి గ్లయోమా (మెదడులో నరాల కణాలకి ఆసరాగా ఉండే కణాల్లోంచి వచ్చే గడ్డ), గ్రేడ్ 2 (గ్రేడ్ ఎంత పెరిగితే గడ్డ అంత ఉధృతం) అని రాసి ఉంటే అక్కడితో ఆగొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి, ఇంకా గట్టిగా 2021 వర్గీకరణలో, జన్యు పరీక్షలు కలిపి చూస్తేనే గ్లయోమాకి అసలు పేరు పెట్టాలని చెప్పింది. ఐడీహెచ్ అనే జన్యువు చూశారా, 1పి/19క్యూ అనే క్రోమోజోమ్ ముక్కలు చూశారా, కీమో మాత్రలు ఎంత పనిచేస్తాయో అంచనా వేసే ఎంజీఎంటీ చూశారా అని అడగండి. ఐడీహెచ్ మార్పు ఉండి 1పి, 19క్యూ రెండూ పోయి ఉంటే అది ఆలిగోడెండ్రోగ్లయోమా, వైద్యానికి బాగా లొంగే రకం. పెద్దవాళ్ళలో ఐడీహెచ్ మార్పు లేకపోతే మైక్రోస్కోప్ కింద మెల్లగా పెరిగే గడ్డలా కనిపించినా కొన్ని జన్యు మార్పులు ఉన్నాయంటే దాన్ని గ్లయోబ్లాస్టోమా అనే వేగంగా పెరిగే కేన్సర్, గ్రేడ్ 4 కిందే లెక్కేస్తారు, అంటే ఈ పరీక్షలు లేకపోతే మొత్తం ట్రీట్‌మెంటే తప్పుదారి పట్టొచ్చు. రిపోర్టు మీద అనుమానం ఉంటే బ్లాక్స్‌ని మెదడు గడ్డలు ఎక్కువగా చూసే పాథాలజిస్ట్‌కి పంపించి మళ్ళీ చదివించమని అడిగే హక్కు మీకుంది, మంచి డాక్టర్లు దానికి బాధపడరు.

గ్లయోబ్లాస్టోమాకి 2005 నుంచి ఎక్కువగా చేస్తున్నది ఆరు వారాల రేడియేషన్, దాంతోపాటే రోజూ టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు, తర్వాత నెలకి ఐదు రోజుల చొప్పున అవే మాత్రలు. బాగా పెద్ద వయసు వాళ్ళకి, నీరసంగా ఉన్నవాళ్ళకి తక్కువ రోజుల రేడియేషన్ ఇస్తారు, మీ పేషెంట్‌కి ఏది సరిపోతుందో అడగండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనిపించినా అది నిజంగా పెరగడం కాకపోవచ్చు, రేడియేషన్ వాపు అలా కనిపిస్తుంది. ఆ ఒక్క స్కాన్ చూసి మందు మార్చేముందు మళ్ళీ బోర్డులో చూపించమనండి.

టీమ్ అంటే గడ్డని చూసేవాళ్ళే కాదు. నడక కోసం ఫిజియోథెరపిస్ట్, మాట కోసం, మింగడం కోసం స్పీచ్ థెరపిస్ట్, జ్ఞాపకశక్తి, కోపతాపాల మార్పులకి న్యూరోసైకాలజిస్ట్, వీళ్ళని ఎవరూ వాళ్ళంతట వాళ్ళు పంపకపోవచ్చు, రెఫరల్ అడిగి తీసుకోవాలి. పాలియేటివ్ కేర్ అనగానే చివరి రోజులనుకుని చాలామంది భయపడతారు, అది తలనొప్పి, వాంతులు, నిద్ర, దిగులు అన్నీ చూసే టీమ్, మొదటినుంచీ పక్కనుంటేనే మేలు. ఇంతమంది డాక్టర్ల మధ్య ఫోన్ చేస్తే పలికే ఒక నర్సో కోఆర్డినేటరో ఎవరో పేరు, నంబరు ముందే రాయించుకోండి.

ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టి ఫిట్స్ వచ్చిన తేదీ, ఎంతసేపు వచ్చాయి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఎన్ని మి.గ్రా., షుగర్ ఎంత అనేవి రాయండి. ఆ స్టెరాయిడ్ షుగర్ పెంచుతుంది, నిద్ర పట్టనివ్వదు, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టర్ చెప్పిన లెక్కలోనే తగ్గించాలి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. కీమో మధ్యలో జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకో మాట, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. ఈ జబ్బులో మాట, ఆలోచన మందగించే అవకాశం ఉంది, అందుకని మనిషి బాగా మాట్లాడగలిగినప్పుడే నీకేం కావాలి, ఎంతవరకు ట్రీట్‌మెంట్ కావాలి, నీ తరపున ఎవరు నిర్ణయం తీసుకోవాలి అని ప్రేమగా అడిగి రాసిపెట్టుకోండి, ఆ కాగితం కాపీ టీమ్‌కి కూడా ఇవ్వండి. గడ్డ మళ్ళీ పెరిగిన రోజున రెండో ఆపరేషనా, ఇంకో మందా, క్లినికల్ ట్రయల్ ఏదైనా ఉందా అన్నది బోర్డు చర్చించేటప్పుడు స్కాన్లతో పాటు ఆ కాగితం కూడా వాళ్ళ ముందుండాలి.