పని మధ్యలో మల్టీమీటర్ ఆరిపోతోందా? కొనేముందే చూసుకోవాల్సిన సంగతి

ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉంది, ప్రోబ్‌లకి క్లిప్పులు తగిలించి వోల్టేజ్ ఎంతవరకు ఎక్కుతుందో చూద్దామని మీటర్ పక్కన పెట్టారు, టీ తాగి వచ్చేసరికి స్క్రీన్ ఖాళీ. బటన్ నొక్కితే వెలుగుతుంది, కాసేపటికి మళ్లీ ఆరిపోతుంది. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు మోటార్లు, ఇన్వర్టర్లు చూసేవాళ్లు కొత్త మీటర్ కొన్నాక ముందు అనే మాట "పీస్ డిఫెక్ట్ అనుకుంటా బావా, మార్చేయమందాం" అని. చాలాసార్లు అది డిఫెక్ట్ కాదు, ఆటో పవర్ ఆఫ్, అంటే కాసేపు ముట్టుకోకపోతే బ్యాటరీ మిగలాలని మీటర్ తనంతట తానే ఆరిపోవడం. దాన్ని ఆపే దారి ఉన్న మీటర్ కొన్నామా లేదా అన్నదే చూసుకోవాలి, ఆ సంగతేమో డబ్బా మీద పెద్దక్షరాలతో ఎవరూ రాయరు.

సమస్య: ప్రతిసారీ ఒకే టైముకి ఆరిపోతోంది

లోపల ఒక టైమర్ ఉంటుంది. చాలా మీటర్లలో 15 నిమిషాలు, కొన్నిటిలో 20, ఫ్లూక్ కంపెనీ 87వీ మోడల్ లాంటి వాటిలో 30. మీరు చివరిసారి బటన్ నొక్కినప్పుడో డయల్ తిప్పినప్పుడో దాని లెక్క మొదలవుతుంది. స్క్రీన్ మీద అంకెలు మారడం చాలా మీటర్లకి లెక్కలోకి రాదు, బ్యాటరీ 12.4 నుంచి 13.8కి ఎక్కినా సరే, మీరు మీటర్‌ని వదిలేసి వెళ్లిపోయారనే అనుకుంటుంది. ఆరిపోయే ముందు కొన్ని బీప్ కొడతాయి, కొన్ని చప్పుడు లేకుండా పడుకుంటాయి.

దీనికి మందు సులువే. డయల్ ఆఫ్‌లో ఉండగా సెలెక్ట్ బటన్ (కొన్నిటిలో పసుపు బటన్, కొన్నిటిలో ఇంకోటి) నొక్కి పట్టుకుని, వదలకుండానే డయల్‌ని కావలసిన రేంజ్‌కి తిప్పండి. స్క్రీన్ మీద ఏపీఓ (ఆటో పవర్ ఆఫ్) అనే గుర్తో చిన్న గడియారం బొమ్మో ఉండే మీటరైతే అది మాయమవుతుంది, అంటే ఇక తనంతట తాను ఆరదు. 87వీలో పసుపు బటన్‌తో ఇలా చేస్తే పి-ఓ-ఎఫ్-ఎఫ్ అని అక్షరాలు కనిపిస్తాయి. ఈ సెట్టింగ్ సాధారణంగా గుర్తుండదు, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మొదటికే, కాబట్టి ప్రతిసారీ చేసుకోవాల్సిందే. విసుగే, కానీ అసలు ఆపే దారే లేని మీటర్ కంటే నయం.

ఇంకో దారి మిన్-మ్యాక్స్, అంటే వచ్చిన రీడింగుల్లో అన్నిటికంటే తక్కువది, ఎక్కువది గుర్తుపెట్టుకునే మోడ్. చాలా మంచి మీటర్లలో ఆ మోడ్‌లో ఉన్నంతసేపూ టైమర్ పనిచేయదు. సాయంత్రం పూట వంశధార ఒడ్డున మోటార్లన్నీ ఒకేసారి వేసినప్పుడు లైన్ వోల్టేజ్ ఎంతకి దిగుతోందో తెలియాలంటే స్క్రీన్ చూస్తూ కూర్చోవడం దండగ, మిన్-మ్యాక్స్ పెట్టి వదిలేస్తే ఎంతకి పడిందో అదే పట్టి ఉంచుతుంది. మామూలు మీటర్ సెకనుకి రెండు మూడుసార్లే చదువుతుంది కాబట్టి రెప్పపాటులో వచ్చిపోయే డిప్ మాత్రం దీనికి దొరకదు. మిన్-మ్యాక్స్ ఉండి కూడా టైమర్ ఆగని మీటర్లో అయితే ఆరిపోయిన క్షణంలో ఆ అంకెలూ పోతాయి, సాయంత్రమంతా కాపలా కాసింది వృథా.

సమస్య: లేపాక తప్పు రీడింగ్ చూపిస్తోంది

నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. కొన్ని మీటర్లలో డయల్ మీద ఏసీకి, డీసీకి ఒకటే స్థానం ఉంటుంది, సెలెక్ట్ నొక్కి మార్చుకోవాలి. మీరు ఏసీలో పెట్టుకుని పని చేస్తున్నారు, మధ్యలో ఆరిపోయింది, బటన్ నొక్కి లేపారు, అది లేచిందేమో డీసీలో. ఇప్పుడు 230 వోల్టుల లైన్ మీద ప్రోబ్‌లు పెడితే సున్నాకి దగ్గరగా ఏదో అంకె చూపిస్తుంది. "కరెంట్ లేదు" అనుకుని వైరు పట్టుకున్నారో, అంతే సంగతులు. ఖాళీ స్క్రీన్ చూసి వోల్టేజ్ లేదనుకోవడం కూడా ఇలాంటిదే, తొందరలో ఎవరైనా పొరపడతారు.

అందుకే ఆరి లేచిన మీటర్‌ని కొత్తగా చేతికొచ్చిన మీటర్ లాగే చూడాలి. ముందు కరెంట్ ఉందని తెలిసిన సాకెట్‌లో చూడండి, తర్వాత పని చేసే లైన్ చూడండి, మళ్లీ ఒకసారి ఆ సాకెట్‌లోనే చూసి అప్పుడు వైరు ముట్టుకోండి. స్క్రీన్ మూలన ఏసీ గుర్తు ఉందో లేదో కూడా ఓ చూపు వేయండి.

ఆంపియర్ల విషయం ఇంకోటి. ఎర్ర ప్రోబ్ మీటర్ మీది 10 ఆంప్ సాకెట్‌లో ఉండగా మీటర్ నిద్రపోయినా లోపలి దారి తెగదు, రెండు ప్రోబ్‌ల మధ్య దాదాపు షార్టే. ఆరిపోయింది కదా అని వాటినే తీసుకెళ్లి వోల్టేజ్ ఉన్నచోట పెడితే ఫ్యూజ్ పోతుంది, చవక మీటర్లో కొన్నిసార్లు ఆ సాకెట్‌కి ఫ్యూజే ఉండదు, అప్పుడేం పోతుందో చెప్పక్కర్లేదు.

సమస్య: నిమిషం కూడా నిలవడం లేదు

ఇది టైమర్ పని కాదు. మీటర్ స్క్రీన్ లైట్ వేయగానే ఆరిపోతున్నా, కంటిన్యుటీలో (వైరు తెగిందో లేదో చూసే మోడ్) బీప్ కొట్టేటప్పుడు ఆరిపోతున్నా, చిన్నగా తడితే ఆరి వెలుగుతున్నా బ్యాటరీనో దాని స్ప్రింగులనో అనుమానించండి. ప్రోబ్‌లు తీసేసి వెనక మూత విప్పి చూడండి. ఉప్పుగాలి తగిలే బరంపురం, గోపాల్‌పూర్ వైపు, వానాకాలం చెమ్మకి మనవైపు కూడా, కాంటాక్టుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆల్కలైన్ సెల్ కారిన మరకైతే దూదికి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. బ్యాటరీ గుర్తు వెలిగాక కూడా అలాగే వాడేస్తుంటారు కొందరు, చవక మీటర్లలో బ్యాటరీ దిగిపోయేకొద్దీ రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం మొదలవుతుంది, ఛార్జింగ్‌లో లేని 12 వోల్టుల బ్యాటరీ 13 దాటి చూపిస్తుంటే ముందు మీటర్ బ్యాటరీ మార్చండి.

సమస్య: ఆటో ఆఫ్ ఉన్నా సెల్స్ అయిపోతున్నాయి

ఆటో ఆఫ్ అంటే పూర్తి ఆఫ్ కాదు. బటన్ నొక్కితే లేవాలంటే లోపల ఏదో ఒకటి మేలుకునే ఉండాలి కదా, అది కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. పని అయ్యాక డయల్ ఆఫ్‌కి తిప్పండి. డీటీ-830 రకం చవక పసుపు మీటర్లలో చాలావాటికి టైమరే ఉండదు, మర్చిపోయి ఆన్‌లో వదిలేస్తే 9 వోల్టుల బ్యాటరీ కొన్ని రోజుల్లోనే చచ్చిపోతుంది. ఆటో ఆఫ్ మీద ఎంత చిరాకున్నా, అది లేకపోతే ఏమవుతుందో ఈ పసుపు మీటర్ వాడినవాళ్లకి తెలుసు.

బ్యాటరీ గొడవే వద్దని మొబైల్ ఛార్జర్ నుంచి వైర్లు లాగి మీటర్‌కి కలిపేవాళ్లున్నారు. దయచేసి వద్దు. మీటర్ బ్యాటరీ లోపల ప్రోబ్‌ల సర్క్యూట్‌తోనే కలిసి ఉంటుంది, 230 మీద పెట్టినప్పుడు ఆ షాక్ ఛార్జర్ దాకా, దాన్ని పట్టుకున్న చేతిదాకా రావచ్చు.

కొనేటప్పుడు

ఆన్‌లైన్‌లో అయితే ముందు ఆ మోడల్ మాన్యువల్ దింపుకుని ఆటో పవర్ ఆఫ్ ఉన్న పేజీ చదవండి. ఎన్ని నిమిషాలు, ఏ బటన్‌తో ఆపాలి, మిన్-మ్యాక్స్‌లో ఆగుతుందా, ఈ మూడూ అందులో లేకపోతే నేనైతే ఆ మీటర్ కొనను. షాపులో అయితే సెల్స్ వేయించి, సెలెక్ట్ పట్టుకుని డయల్ తిప్పి చూపించమనండి. షాపాయన "అన్నీ ఒకటే బాబూ" అంటే నమ్మొద్దు, ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. ఏసీ, డీసీ డయల్ మీద వేరువేరుగా ఉన్నది దొరికితే వంద రెండొందలు ఎక్కువైనా అదే తీసుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీ వోల్టేజ్ రోజంతా చూడాల్సిందే అంటే చేతి మీటర్‌ని దానికి కట్టేయకుండా, చిన్న డిజిటల్ ప్యానెల్ వోల్ట్‌మీటర్ ఒకటి, దానికి ముందు సరైన ఫ్యూజ్ వేసి బిగించేయండి, అది ఆ బ్యాటరీ మీదే నడుస్తుంది, దానికి టైమర్ ఉండదు.