బరువు తగ్గే ఇంజెక్షన్ వల్ల కడుపులో తిప్పుతుంటే అల్లం, ఇసబ్‌గోల్, పెప్పర్‌మింట్ ఎలా వాడాలి

వెగోవీ, ఓజెంపిక్, మౌంజారో లాంటివి మొదలుపెట్టిన వాళ్ళు మొదటి నెలలోనే అడిగే మాట ఒకటే, ఈ తిప్పుడు తగ్గడానికి ఏదైనా ఆకో వేరో ఉందా అని. ఉంది, కానీ ముందు మీ బాధ ఏంటో సరిగ్గా పట్టుకోవాలి, ఎందుకంటే వికారానికి బాగా పనికొచ్చేది పుల్లటి తేన్పులున్న వాళ్ళకి ఇంకా మంట పుట్టిస్తుంది. అన్నీ కలిపి ఒకే కషాయం కాచుకుని తాగేస్తే ఏది పనిచేసిందో ఏది పడలేదో తెలీదు.

ఈ మందులు కడుపులోంచి తిండి కిందకి దిగడాన్ని నెమ్మదిచేస్తాయి, పైగా మెదడులో ఆకలినీ వికారాన్నీ చూసుకునే చోట కూడా పనిచేస్తాయి, అందుకే కడుపు ఖాళీగా ఉన్నా తిప్పొచ్చు. 2021లో వచ్చిన స్టెప్ 1 ట్రయల్‌లో సెమాగ్లూటైడ్ (వెగోవీ, ఓజెంపిక్‌లలో ఉండే మందు) తీసుకున్న ప్రతి 100 మందిలో 44 మందికి వికారం వచ్చింది, డమ్మీ ఇంజెక్షన్ వాళ్ళలో 17 మందికే. మలబద్ధకం కూడా అంతే, 23 మందికి, డమ్మీ ఇంజెక్షన్ వాళ్ళలో 10 మంది లోపే. కాబట్టి మీకొక్కరికే ఇలా అవుతోందని భయపడకండి. డోసు పెంచిన రోజుల్లోనే ఇది ఎక్కువ, తర్వాత చాలామందికి సర్దుకుంటుంది.

ముందు అల్లం సంగతి. ఇందులో జింజరాల్, షోగాల్ అని రెండు ఘాటు పదార్థాలున్నాయి, వాంతిని రేపే సెరటోనిన్ సిగ్నల్‌ని ఇవి కొంత అడ్డుకుంటాయి, కడుపు కదలికకి కూడా కాస్త ఊపు ఇస్తాయి. గర్భిణుల వికారం మీద జరిగిన ట్రయల్స్‌లో ఎక్కువగా వాడింది రోజుకి 1 గ్రాము పొడి, అది కూడా ఒక్కసారే కాదు, 250 మిల్లీగ్రాముల చొప్పున నాలుగుసార్లు. ఇంట్లో లెక్క అంటే అర టీస్పూను శొంఠి పొడి రోజు మొత్తానికి. పచ్చి అల్లం ఎండితే జింజరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, శొంఠి ఘాటు గొంతులో అంతసేపు నిలిచేది అందుకే, అందుకని శొంఠి తక్కువతో మొదలుపెట్టండి.

నేను చేసేది చెప్తా. డోసు పెంచిన వారం ఇంజెక్షన్ మర్నాడు పొద్దున్నే బొటనవేలి గోరంత అల్లం ముక్కని పల్చగా, వెలుతురుకి పట్టుకుంటే పీచు కనిపించేంత పల్చగా కోసి, కప్పు వేడినీళ్ళలో వేసి పది నిమిషాలు మూతపెడతా. నీళ్ళు లేత పసుపు రంగుకి తిరిగాక గుటక గుటకగా అరగంట సేపు తాగుతా. గబగబా తాగితే ఆ నీళ్ళ బరువుకే తిప్పుతుంది, ఇది చాలామంది చేసే పొరపాటు. ఛాతీలో మంట ఉన్నవాళ్ళు అల్లం ఇంకా తగ్గించాలి. రక్తం పల్చబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్ళు, డాక్టర్‌ని అడక్కుండా పొడి, క్యాప్సూల్ జోలికి పోవద్దు.

మలబద్ధకానికి ఇసబ్‌గోల్ పొట్టు. ఒక స్పూను పొట్టు గ్లాసు నీళ్ళలో వేసి పక్కన పెట్టి చూడండి, కాసేపటికి జావలా చిక్కబడిపోతుంది. పేగులో మలాన్ని మెత్తగా చేసేది ఆ జిగురే, నీళ్ళు చాలకపోతే గొంతులోనో పేగులోనో అడ్డం పడేదీ అదే. మన కడుపు ఇప్పటికే నిదానంగా నడుస్తోంది కదా, అందుకని మొదట అర టీస్పూను, దానికి నిండు గ్లాసు అంటే 240 మిల్లీలీటర్ల నీళ్ళు, కలిపిన వెంటనే తాగేయాలి, ఆ తర్వాత కాసేపటికి ఇంకో గ్లాసు. వారం పది రోజుల మీద మెల్లగా పెంచండి. వేరే మాత్రలకీ దీనికీ కనీసం రెండు గంటల గ్యాప్ ఉండాలి. పడుకోబోయే ముందు వద్దు, వాంతులవుతున్న రోజున అసలు వద్దు. పొట్టు పడనివాళ్ళకి రోజుకి రెండు కివీ పండ్లు మంచి దారి.

సునాముఖి ఆకులో ఉండే సెన్నోసైడ్లు పేగుని బలవంతంగా కదిలిస్తాయి, నాలుగైదు రోజులు కదలనప్పుడు డాక్టర్ చెప్తే ఒకటి రెండు రోజులకి సరే, రోజూ తాగే టీలా మాత్రం కాదు.

ఉబ్బరం, కడుపు పట్టేయడం ఉంటే పెప్పర్‌మింట్. అందులోని మెంథాల్ పేగు కండరాన్ని వదులు చేస్తుంది. కూరల్లో వేసే పుదీనా ఇది కాదు, అందులో మెంథాల్ బాగా తక్కువ. ఇక్కడో మెలిక ఉంది, అన్నవాహిక కింద ఉండే మూతని కూడా మెంథాల్ వదులు చేస్తుంది, అందుకే పుల్లతేన్పులు ఉన్నవాళ్ళు దీన్ని ముట్టుకోకపోవడమే మేలు.

ఇక బరువు ఇంకా త్వరగా తగ్గుతుందని పక్కన ఇంకోటి కలుపుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. గార్సీనియా క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉండే ఈజీసీజీ అనే పదార్థం రోజుకి 800 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ పడితే లివర్‌కి ప్రమాదం ఉండొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. బెర్బెరిన్ (కొన్ని మొక్కల నుంచి తీసే పదార్థం) తనంతట తనే విరేచనాలు, కడుపునొప్పి తెస్తుంది, పైగా వేరే మందుల్ని లివర్ కరిగించే పనిలో అడ్డొస్తుంది. ఇన్సులిన్ కూడా వాడేవాళ్ళు మెంతి పొడి ఎక్కువ మోతాదులో తీసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. సెమాగ్లూటైడ్‌ని రైబెల్సస్ మాత్రగా వేసుకునేవాళ్ళు పరగడుపున 120 మిల్లీలీటర్లకి మించని ఉత్త నీళ్ళతోనే మింగాలి, అల్లం నీళ్ళతో కాదు, ఆ తర్వాత అరగంట దాకా ఏదీ తాగకూడదు.

ఏ ఆకూ ప్లేటు నిండా తిన్న తిండిని సర్దలేదు. చిన్న చిన్న ముద్దలు, నూనె తక్కువ, సగం నిండిందనిపించగానే ఆపేయడం, వీటితోనే సగం తిప్పుడు పోతుంది. అప్పటికీ తగ్గకపోతే డోసు పెంచడం వాయిదా వేయమని డాక్టర్‌ని అడగండి, నాలుగు వారాలకి పెంచి తీరాలని ఏమీ లేదు.

పై కడుపులో మొదలై వీపుకి పాకే తీవ్రమైన నొప్పి, నీళ్ళు కూడా నిలవని వాంతులు, కళ్ళు పచ్చబడటం, ఒంటేలు బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా కషాయాలు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి, వాడుతున్న పొడులూ క్యాప్సూల్సూ డబ్బాలతో సహా తీసుకెళ్ళి చూపించండి.